జాగ్రత్తపరుడు

"నీ రక్తంలో సీసం తక్కువే. నీ కూతురికే నాలుగింతలుంది. పాత ఇళ్లు కూలగొట్టేది నువ్వా, ఇదా?" డాక్టరమ్మ రెండు రిపోర్టులూ బల్ల మీద పడేసింది.

ఐదేళ్ల పిల్ల తల్లి ఒళ్లో నీరసంగా వాలిపోయి ఉంది.

"పని బట్టలు అక్కడే విడిచి, స్నానం చేసే ఇంటికొస్తానమ్మా," అన్నాడు తండ్రి. "సీసం కలిసిన పాత రంగు గీకేటప్పుడు మాస్కు ఒక్క నిమిషం తియ్యను. నన్ను చూపించే మా మేస్త్రీ మిగతావాళ్లకి గడ్డి పెడతాడు."

"ఆ మాస్కు ఎక్కడ పెడతావు?"

"నెలకి ఒక్కటే ఇస్తారమ్మా. అక్కడ వదిలితే దానికి కాళ్లొస్తాయి. రోజూ ఇంటికే తెచ్చుకుంటాను."

"ఇంట్లో ఎక్కడ?"

అతను భార్య వైపు చూశాడు.

"అన్నం తిననని ఇది మారాం చేస్తే నేనే ఇస్తానమ్మా," అందామె. "డాక్టరాట ఆడుకుంటూ తినేస్తుంది. ఆయన్ని కాపాడేదే కదా, దీనికీ మంచిదే అనుకున్నా."

ఆట మాట వినగానే పిల్ల లేచింది. తల్లి సంచిలోంచి మాస్కు తీసి, బయటివైపు ముఖానికి తగిలేలా తిరగేసి పెట్టుకుంది. బూడిదరంగు పొడి గౌను మీద రాలింది.

డాక్టరమ్మ దాన్ని లాగేసింది. "నీ ముక్కులోకి పోని దుమ్మంతా ఎక్కడ ఆగిందనుకున్నావయ్యా?"

అతను మాస్కు కోసం చెయ్యి చాచాడు.

"తీసుకోనీ నాన్నా," అంది పిల్ల, పెదవులు నాక్కుంటూ. "పాపం, డాక్టరమ్మకి మాస్కు లేదు."