కరెంటు జలపాతం

దేవుడు కొందరికి కళ్లిచ్చింది చూడటానికా, వంకలు పెట్టడానికా? ఎన్నేళ్లుగానో ఈ సందేహం నన్ను వదల్లేదు. మండపేట వెంకటరమణ మాస్టారి సింగపూర్ యాత్ర చూస్తే మీకూ అదే సందేహం వస్తుంది.

కూతురు ఉమాశ్రీకి అక్కడ ఉద్యోగం. అమ్మానాన్నలతో కలిసి ఊరంతా తిరగాలని నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఎన్నాళ్లనుంచో ఆమెకున్న కోరిక అదొక్కటే.

మొదటి రోజు బయల్దేరుతుంటే తల్లి కనకవల్లి ఒక బరువైన సంచి తెచ్చి భర్త చేతికిచ్చింది. పులిహోర, పెరుగన్నం, మజ్జిగ సీసా.

"ఎందుకమ్మా ఇదంతా? అక్కడ అన్నీ దొరుకుతాయి."

"మీ నాన్నగారికి బయట తిండి పడదే."

మాస్టారు సంచి వంక చూశారు. భార్య వంక చూశారు. కిక్కురుమనకుండా భుజాన తగిలించుకున్నారు.

పూలతోట అద్దాల గోపురం దగ్గర గేటు మనిషి సంచి ఆపేశాడు. బయటి తిండి లోపలికి కుదరదట.

"మీరెళ్లి రండి. నేనిక్కడ కూర్చుంటాను," అన్నారు మాస్టారు, బెంచీ చూసుకుని.

"లోపల జలపాతం ఉంది నాన్నగారూ! ఎంత ఎత్తు నుంచి పడుతుందో తెలుసా?"

"కరెంటు పోతే ఆగిపోయేదాన్ని జలపాతం అనరమ్మా. కుళాయి అంటారు."

గంటన్నర తర్వాత తల్లీకూతుళ్లు బయటికొచ్చారు. కనకవల్లి ముఖం వెలిగిపోతోంది.

"ఎన్ని పూలండీ! మబ్బుల్లో నడిచినట్టే ఉంది. మీద తుంపర పడుతుంటేనా..."

"నీళ్లు చల్లగా ఉన్నాయా?"

"మంచులా ఉన్నాయి."

"తుంపర ఎంత దూరం వస్తోంది?"

"అదుగో, అద్దం వెనక ఆ స్తంభం దాకా."

మాస్టారు ఆ స్తంభం వంక కాసేపు చూశారు. "సర్లే. పాపికొండల్లో లాంచీ ఎక్కినవాడికి ఇదో లెక్కా?"

రెండో రోజు చేపల సొరంగం. నెత్తి మీదుగా సొరచేపలు ఈదుకుంటూ పోతాయని ఉమాశ్రీ ఆశపెట్టింది.

"మన గోదావరి పులస ఉందా?"

"లేదు."

"మరి అదేం చేపల కొలువు?"

"మీరు పులస తినరుగా నాన్నగారూ!"

"తినకపోతే? గోదావరోణ్ణి కాకుండా పోతానా?"

ఆ రోజూ బెంచీయే. ఆ రోజూ సంచే.

మూడో రోజు ఆకాశంలో తిరిగే పెద్ద చక్రం. మాస్టారు మెడ వెనక్కి వంచి అయిదు నిమిషాలు చూశారు. "ఇది తిరుగుతోందా, కునుకు తీస్తోందా? మన తీర్థంలో రంగులరాట్నం నయం," అని తేల్చేశారు.

పైగా మాట్లాడితే రామేశ్వరం ప్రాకారం. లేకపోతే అజంతా గుహలు. అదీ కాకపోతే తాజ్‌మహల్. ఏటా వేసవి సెలవుల్లో ఉమాశ్రీని నిడదవోలులో అమ్మమ్మ దగ్గర దింపి, తోటి మాస్టార్లతో కలిసి ఆయన భార్యాసమేతంగా వెళ్లొచ్చిన ఊళ్లు అవి. ఆ ఊళ్లతోనే లోకమంతా కొలుస్తారు. నూతిలో కప్పకు టికెట్టు కొని సముద్రం చూపించండి. నీళ్లు ఉప్పగా ఉన్నాయంటుంది.

కనకవల్లి మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఆయన పెట్టే వంకలన్నీ వింటూ చెంగు సర్దుకునేది. మర్నాడు పొద్దున్నే లేచి మళ్లీ పులిహోర కలిపేది.

నాలుగో రోజు పక్షుల తోట. అదే ఆఖరు. మర్నాడే తిరుగు విమానం.

ఉమాశ్రీ ఈసారి ముందే జాగ్రత్తపడింది. "ఇక్కడ లాకర్ ఉంది. సంచి అందులో పెట్టేద్దాం. మూడు టికెట్లూ తీసేశాను. ఇవాళ మీరు వస్తున్నారంతే."

మాస్టారు గబుక్కున లేచారు. పంచె దులుపుకున్నారు. రెండడుగులు వేశారు కూడా. అంతలో ఎందుకో భార్య వంక చూశారు.

కనకవల్లి చెంగు సర్దుకుంది. గేటు మీద రాతిచిలకను చూస్తూ నిలబడింది.

మాస్టారు వెనక్కొచ్చి మళ్లీ బెంచీ మీద కూలబడ్డారు. "తాళం వాడిదీ, సంచి మనదీనా? నాకు నమ్మకం లేదు. అయినా చిలకల్ని చూడ్డానికి సముద్రం దాటాలా? మన పెరట్లో జామచెట్టు మీద వాలవూ?"

ఉమాశ్రీకి ఏడుపొక్కటే తక్కువ.

"నాలుగు రోజులు నాన్నగారూ! ఒక్కటంటే ఒక్కటి మీతో కలిసి చూడలేదు. నలుగురూ అమ్మానాన్నల్ని పక్కన పెట్టుకుని ఫొటోలు దిగుతుంటే, నేను మాత్రం అమ్మనీ, ఖాళీ జాగానీ తీసుకుంటున్నాను. వంకలు పెట్టడానికా ఇంత దూరం వచ్చారు?"

మాస్టారు సంచి ఒళ్లోకి లాక్కుని ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఎంత బిగుసుకుపోయిన మనిషో చూడండి.

మూడో టికెట్టు వృథా అయింది. లోపలికి వెళ్లాక కూడా ఉమాశ్రీ కోపం చల్లారలేదు.

"ఈ మనిషితో ఇన్నేళ్లు ఎలా వేగావమ్మా? నీకు ఒళ్లు మండదూ?"

కనకవల్లి ఒక పంచరంగుల చిలక ముందు ఆగింది. తొందరేమీ లేనట్టు, తోక చివరిదాకా చూసింది. తర్వాత నవ్వింది.

"ఎందుకే మండటం, కాశీ నుంచి కన్యాకుమారి దాకా ముప్ఫై ఎనిమిదేళ్లు ఆయన లోపల తిరుగుతుంటే అందరి సంచులూ చెప్పులూ కాస్తూ బయట కూర్చున్నది నేనేగా, ఈ ఒక్క దేశంలో సంచి తను కాస్తానని ఆయన దేవుడి ముందు ఒట్టేశాకే నేను పాస్‌పోర్టుకు ఫొటో దిగాను!"