భైరవుడు గడియ ఎందుకు తీశాడు?

"మూడిట్లో ఏది కావాలి తాతా?" అంది దీపిక.

శేషయ్య కళ్లజోడు ముక్కు మీదికి జరుపుకుని, బల్ల మీది మూడు డబ్బాలనూ పందెంకోళ్లను ఎంచినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. మూడింటి మీదా ఒకటే పేరు: 'ఎర్రమల కోట'.

నంద్యాల బస్టాండు దగ్గరి ఆ అంగట్లో ఇప్పుడు అమ్మేదంతా చార్జర్లూ, ఫోన్ల అట్టలూ. పాత సీరియళ్ల డిస్కులు అడిగే నాథుడు లేడు. ఇన్నాళ్లకు ఒకాయన రావడమే అంగడి చూసుకునే దీపికకు వింత.

ఒకప్పుడు ఆ సీరియల్ వచ్చే ఆదివారం పొద్దున శేషయ్య వాళ్ల ఊరు ఆళ్లగడ్డలో కోళ్లు కూడా కూత వాయిదా వేసుకునేవి. ఇంట్లో దొంగతనం ఇంటివాళ్ల ముందే జరిగిపోయినా, తల తిప్పి చూసేవాళ్లు లేరు. దొంగ కూడా కాసేపు కూచుని చూసి పోయేవాడని చెప్పుకుంటారు.

అట్లాంటి సీరియల్ ఆఖరి భాగంలో సేనాపతి భైరవుడు నవ్వుతూ కోట తలుపు గడియ తీస్తాడు. శత్రువులు లోపలికొస్తారు. రాజు చస్తాడు. ఆ పూట ఊళ్లో పొయ్యి వెలగలేదు. శేషయ్య భార్య గోవిందమ్మయితే చాన్నాళ్లు మొగుడితో మాట్లాడలేదు.

భైరవుడు ద్రోహి అని ఊరంతా తీర్మానించేసింది. శేషయ్య ఒక్కడే కాదన్నాడు. ముప్పై ఏళ్లుగా కాదంటూనే ఉన్నాడు. ఇప్పటికీ ఏ పెండ్లికి పోయినా, "శేషయ్యన్నను వాకిలి కాడ నిలబెట్టొద్దప్పా, గడియ తీస్తాడు" అని ఎవరో ఒకరు అననే అంటారు. నవ్వు పుట్టనే పుడుతుంది.

మొన్న టీ అంగడి దగ్గర ప్రభాకర్ మళ్లీ కెలికాడు. చిన్ననాటి స్నేహితుడు. శేషయ్యతో తగువు పడందే ఆయనకు టీ దిగదు.

"రాజు ఉప్పు తిని రాజునే చంపిచ్చినాడు. దొంగనాయాలు భైరవుడు."

"రేయ్, బయట ఉండేది మనోళ్లనుకుని తీసినాడురా! మనోళ్లు వచ్చే ముక్క కత్తిరించి పారేసినారు."

"యాడుందిరా ఆ ముక్క? చూపీ. చూపిస్తే నా మీసం గొరిగించుకుంటా. ల్యాకపోతే నీది పోతాది."

"ఆదివారం నా ఇంట్లో ఊరందరి ముందర చూపిస్తా. మంగలికి చెప్పి పెట్టుకో!"

శేషయ్య మీసం అల్లాటప్పాది కాదు. దాని మీద నిమ్మకాయ నిలబెట్టుకుని అహోబిలం మెట్లన్నీ ఎక్కానని ఆయనే చెబుతాడు. నమ్మకపోతే మెట్లనే అడగమంటాడు. అయినా మీసం పోతే మళ్లీ మొలుస్తుంది. పోయిన పేరు మొలవదు. ఆదివారంతో భైరవుడి మీది ఆ మచ్చ పోవాలి. అంతే.

"ఆఖరి భాగం ఆడించు పాపా. మూడిట్లోనూ చూసి, ఉన్నది తీసుకుంటా."

దీపిక మొదటి డబ్బా విప్పి, డిస్కు అంగట్లోని టీవీకి పెట్టింది. అన్నిటికన్నా పాతది, చవకది. బొమ్మంతా మసక. భైరవుడి చెయ్యి గడియ మీద పడింది. ఆ వెంటనే రాజు శవం.

"చూస్తివా? కత్తెర!"

రెండోది కాస్త నయం. ఇనుపటోపీ కింద గుబురుగడ్డం, అందులోంచి పెద్ద నవ్వు. భైరవుడు గడియ లాగాడు. శత్రువుల గుర్రాలు దూసుకొచ్చాయి.

"ఏం నవ్వు తాతా అది! ఒళ్లు మండుతాంది."

"అది మోసగాని నవ్వు కాదు పాపా. మనోళ్లొచ్చినారనే సంబరం. సరిగ్గా చూడు." శేషయ్య టీవీ మీద వేలు పెట్టి చూపించాడు. "ఆ మాట్లాడే గొంతు గూడా భైరవునిది కాదు. ఎవునిదో తెచ్చి అతికించినారు."

"సీరియల్ అంటే ఇంత పిచ్చేందీ నీకు?"

"డైరెక్టరు దేవునట్లాంటోడు. ఆయన ఇట్ల తీయలేదు. ఆనక కత్తెర పట్టినోళ్లు చేసిన పాపం ఇది."

"నీకెట్ల తెలుసు?"

"తెలుసు."

మూడోది కొత్తగా వచ్చింది. ఒక్క ముక్క కూడా తీసెయ్యలేదని డబ్బా మీదే వేశారు. శేషయ్య బల్ల మీదికి వంగాడు. భైరవుడు తలుపుకు చెవి ఆనించి వినడం, కళ్లు తుడుచుకోవడం, ఇదివరకు ఎన్నడూ చూపనివి ఒక్కొక్కటే వచ్చాయి. శేషయ్య పెదాలు భైరవుడి పెదాలతో పాటు కదిలాయి. గడియ ఊడింది. తలుపు తెరుచుకుంది.

బయట శత్రువులే.

"కత్తిరించిందేం ల్యా తాతా," అంది దీపిక మెల్లగా. "తీసిందే అంత."

"ల్యా పాపా. ఆ డైరెక్టరు అట్లాంటి మనిషి కాదు."

"అయితే ఆయన్నే అడుగుదాం. దీంట్లో ఇంకోటి ఉంది. ఏ సీను ఎట్ల తీసిందీ డైరెక్టరే బొమ్మ వెనకాల నుంచి చెప్తా పోతాడు. పెట్టేదా?"

శేషయ్య తల మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. నిటారుగా నిలబడ్డాడు.

"పెట్టు. ఆయన నోటి నుంచే రానీ."

అదే తలుపు. అదే నవ్వు. దాని మీద ఒక ముసలి గొంతు కులాసాగా నవ్వింది.

"బయట ఉన్నది మీ రాజుగారి సైన్యమే, సంతోషంగా తీయవయ్యా గడియ అని అబద్ధం చెప్పాం, లేకపోతే ద్రోహి వేషం కట్టడానికి ఆ ఆళ్లగడ్డ నాటకాల శేషయ్య చచ్చినా ఒప్పుకునేవాడా!"