ములాఖత్ రద్దు

లాఠీ విరిగినా వార్డరు కోపం చల్లారలేదు. తోటి ఖైదీ తలను కంచంతో పగలగొట్టినవాడు, మూలన పడి నెత్తురు ఉమ్ముతూ అడిగాడు.

“అయితే ఈ నెల ములాఖత్ రద్దేగా సార్?”

“పోయిన నెలా ఇదే పని చేశావు. మీ అమ్మ పొద్దుటి నుంచి గేటు దగ్గర పడిగాపులు కాస్తోంది. కన్నతల్లి మొహం చూడబుద్ధి కాదురా నీకు?”

“తమ్ముణ్ణి నరికింది నేనే సార్. అమ్మేమో వచ్చినప్పుడల్లా ‘తిన్నావా నాన్నా?’ అనే అడుగుతుంది. దానికన్నా మీ దెబ్బలే నయం.”

వార్డరు చేతిలో మిగిలిన లాఠీ ముక్కను విసిరికొట్టాడు.

“లే. మొహం కడుక్కో. ఈసారి నీకు శిక్ష ములాఖతే.”

అన్ని దెబ్బలకీ కిమ్మనని మనిషి, వార్డరు కాళ్లు చుట్టేసుకుని బావురుమన్నాడు.

“వద్దు సార్... కొట్టండి సార్!”