మోటారుది తప్పు కాదు

"మోటారు తిరుగుతోంది, విమానం మాత్రం లేవడం లేదు మామయ్యా," అన్నాను, నా బొమ్మ విమానాన్ని ఆయన బల్ల మీద పెట్టి.

మా మామగారిది మోటార్లు బాగుచేసే కొట్టు. కూతురు తన మాట కాదని నన్ను చేసుకున్నప్పటి నుంచి, ఆయనకు నన్ను చూస్తే గోడను చూసినట్టే. ఏడాది తర్వాత ఆ రోజు మొదటిసారి నోరు విప్పారు.

"బ్యాటరీ చూశావా?"

మీటరు పెట్టి ఆయనే చూశారు. బాగుంది. మర్నాడు రమ్మన్నారు.

మర్నాడు వైర్ల అతుకులన్నీ ఊడదీసి మళ్లీ అతికారు. మూడోనాడు రెండు టీలు తెప్పించి మోటారు విప్పారు. నాలుగోనాడు మోటారు తయారుచేసినవాణ్ణి తిట్టి, పనిలో పనిగా నన్నూ తిట్టారు. ఆ తిట్లలో "అల్లుడు" అన్న మాట స్పష్టంగా వినిపించింది.

నిజానికి ముందున్న ఫ్యాను రెక్కను తిరగేసి బిగించింది నేనే. రెక్క మీది అంకెలు ముందువైపుకు ఉండాలి. వెనక్కి తిప్పితే మోటారు ఎంత గింజుకున్నా విమానం లేవదు. ఆయనతో మాట కలపడానికి నాకూ ఏదో ఒక వంక కావాలి కదా!

ఐదోనాడు ఆయన్ని చూస్తే పాపం అనిపించింది.

"రెక్క తిరగబడిందేమో మామయ్యా," అన్నాను మెల్లగా.

ఆయన తలెత్తకుండానే అన్నారు: "మొదటి రోజే చూశాను. నోరు మూసుకుని ఆ కుర్చీ ఇటు లాక్కో. స్విచ్చి ఇంకా చూడలేదు."