ఆరో నంబరులో నల్లులు

"నల్లులా? మా లాడ్జిలనా?" భోజన్న కుర్చీలోంచి లేచాడు. "అవ్వా, జర మెల్లగ మాట్లాడు."

కౌంటరు ముందు నిలబడ్డ ఆమెకు యాభై ఏళ్లుంటాయి. పేరు లింగవ్వ, ఊరు మోర్తాడ్ అని అరగంట కిందటే రిజిస్టరులో రాసుకున్నాడు. పెద్ద గోనె మూటతో ఒంటరిగా వచ్చింది. ఒక్క పూటకు రూము చాలంది. ఆరో నంబరు తాళం ఇచ్చి పంపాడు. ఇప్పుడు దిగి వచ్చి ఈ మాట అంటున్నది.

"ఒకటి గాదు, రెండు గాదు కొడుకా, పుట్ట పగిలినట్టున్నయి" అందామె, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "జర గాసునూనె ఇయ్యి. నేనే సూసుకుంట."

బల్ల మీద కూర్చున్న ఓవర్సీరు పేపరు దించి చూశాడు. పోచంపాడ్ డ్యాం పనికొచ్చి, నెల రోజులుగా ఇక్కడే ఉంటున్న మనిషి.  నిజామాబాద్ బస్టాండు చుట్టుపక్కల గోక్కోకుండా నిద్రపోగలిగిన లాడ్జి ఇదొక్కటేనని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. వారానికోసారి మంచాల కీళ్లలో సలసల కాగే నీళ్లు పోయిస్తాడు. వాటిని మిద్దె మీద ఎండలో వేయిస్తాడు. పరుపుల కింద వావిలాకు పరిపిస్తాడు.

'నల్లి దొరికితే నా మీసం తీస్త' అందామనుకున్నాడు. కానీ ఓవర్సీరు చెవులు ఇటే ఉన్నాయి. గొడవ పెరగకముందే ఈమె నోరు మూయించాలి. కరెంటు పోయినప్పుడు లాంతర్లకని దాచిన కిరసనాయిలు సీసా తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"అగ్గిపెట్టె గూడ ఇయ్యి కొడుకా."

అదీ ఇచ్చాడు. ఆమె మెట్లెక్కి పోయింది. పైన తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది.

కాసేపటికి గదులూడ్చే నాగవ్వ చీపురుతో దిగి వచ్చింది. "ఏందన్నా, పైన గాసునూనె వాసన గుప్పుమంటున్నది?"

"ఆరో నంబరుల దిగిన అవ్వ. మంచంల నల్లులున్నయట. నీ పని గట్లుంది మరి!"

"ఆరో నంబరుల మంచమేడిదన్నా?" నాగవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "పొద్దుగాల నేనే మిద్దె మీద ఎండకేస్తి గద. చాప గూడ తీసి నేల కడిగిన. నాలుగు గోడలు తప్ప అండ్ల ఏం లెవ్వు."

భోజన్న చేతిలో పెన్ను ఆగిపోయింది.

"మంచమే లేకపాయె, నల్లులెక్కడియి?" నాగవ్వ గొంతు తగ్గింది. "గాసునూనె నువ్వే ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"అగ్గిపెట్టె?"

అతను అప్పటికే రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు. లాడ్జి పరువు కాపాడుకుందామని తన చేత్తోనే ఇచ్చాడు. అడిగి ఉంటే ఇంకో సీసా కూడా ఇచ్చి ఉండేవాడేమో!

ఆరో నంబరు తలుపు సందులోంచి వాసన ముక్కు పగలగొడుతున్నది.

"అవ్వా! తలుపు తియ్యి!"

"జర ఆగు కొడుకా. అయిపోవచ్చింది." ఆ గొంతు మరీ నిమ్మళంగా ఉంది. భోజన్న రెండు చేతులతో తలుపు బాదాడు.

"ఏం కష్టమొచ్చిందవ్వా? నాకు చెప్పు. కొడుకులు బువ్వ పెడ్తలేరా? ఎవలన్న కొట్టిండ్రా?"

"ఎవ్వలేమనలే. నా ఖర్మ. బయటికి చెప్తే ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ కన్న పానం పెద్దదవ్వా!"

లోపల ఏదో నేలకు రాసుకున్న చప్పుడైంది.

"నీకేం ఎరుక కొడుకా" అందామె. "రేపు బోధన్ల వియ్యపురాలి ముంగట ఏ మొకం పెట్టుకొని నిలవడాలె? నలుగుట్ల నవ్వులపాలైతే నా బిడ్డ ఆ ఇంట్ల ఎట్ల తలెత్తుకుంటది? బస్సులనే నాకు తెలిసిపాయె. ఇగ గీ పని నిజామాబాద్‌లనే కానియ్యాలె అనుకున్న."

"నీ కాళ్లు మొక్కుత అవ్వా, తియ్యి!"

అగ్గిపెట్టె తెరిచిన చప్పుడు. పుల్లలు గలగలమన్నాయి.

ఓవర్సీరు ఎప్పుడొచ్చాడో, భోజన్నను పక్కకు జరిపి తలుపుకు భుజం ఆనించాడు. ఇద్దరూ కలిసి గుద్దారు. తలుపు కదలలేదు. మళ్లీ గుద్దారు. నాగవ్వ నీళ్ల బకెట్‌తో పరుగెత్తుకొచ్చి వెనక నిలబడింది. మూడో దెబ్బకు గడియ ఊడి అవతల పడింది. నాగవ్వ ముందూ వెనకా చూడలేదు. బకెట్టెడు నీళ్లూ లోపల కనిపించిన మనిషి మీద గుమ్మరించింది.

లింగవ్వ ఉక్కిరిబిక్కిరై తుమ్మింది. నిప్పు లేదు, పొగ లేదు. ఆమె ముందు కిటికీ ఎండలో, విప్పిన గోనె మీద, పసిపిల్లల పాత కొయ్య తొట్టెల ఉంది. దాని కీలు సందులో వెలిగించని అగ్గిపుల్ల గుచ్చి ఉంది. పక్కనే పళ్లెంలో కిరసనాయిలు, అందులో చచ్చి తేలుతున్న నల్లులు.

భోజన్న గోడకు ఆనుకొని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. లింగవ్వ తడిసిన కొంగుతో ముఖం తుడుచుకొని, ముగ్గురినీ ఒకసారి చూసి, తల దించుకుంది.

"రేపు మనుమణ్ని దీంట్ల పండవెడ్తరు కొడుకా... నీ లాడ్జిల ఒక్క నల్లి లేదు, గివన్నీ నేనే మోర్తాడ్ నుంచి తెచ్చిన. ముందుగాల చెప్తే రూము ఇద్దువా?"