బుడగలు రాని యాసిడ్

"చెయ్యి లాక్కోకు నాన్నా, నీళ్లు పడనీ!" కుళాయి కింద తండ్రి చేతిని బిగించి పట్టుకుంది, ల్యాబులో పనిచేసే కూతురు.

ఇనుప రేకులను యాసిడ్‌లో ముంచి తుప్పు వదలగొట్టడంలోనే ఆయన తల నెరిసింది.

"వట్టి చేత్తో ఎలా తీశావు రేకుని?"

"బుడగ ఒక్కటీ రాలేదమ్మా. బలం చచ్చిన యాసిడే అనుకున్నా."

"పొద్దున తొట్లో ఆకు పసరు కలిపాను కదా! అది రేకును కాస్తుంది, అందుకే బుడగలు రావు. యాసిడ్ బలం యాసిడ్‌కుంటుంది."

"మరి 'ఇక తినదు నాన్నా' అన్నావుగా?"

నిజమే, పొద్దున అలాగే అంది. ఇనుమును మాత్రమే తినదని విడమరిచి చెప్పాలని తోచలేదు.

తెల్లబడిన తోలు నీళ్లలో ఊడుతోంది. ఆమె ఏడుస్తూనే కుళాయి ఇంకా తిప్పింది.

ఆయన రెండో చేత్తో రేకువైపు చూపించాడు.

"ఏడవకే. నీ పసరు గొప్పదే. చూడు, చెక్కుచెదరలేదు."