బొటనవేలు

వంటింటి గడప దగ్గర కుప్పకూలిన తమ్ముడి మణికట్టును అక్క బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుంది.

"నాడి ఆగితే మాత్రం వెంటనే ఛాతీ మీద నొక్కాలమ్మా," అంది ఫోనులో అంబులెన్సు నర్సు. "దారిలోనే ఉన్నాం."

"ఆగడమేంటి, అవేం అశుభం మాటలు? నిక్షేపంగా కొట్టుకుంటోంది!"

తమ్ముడి పెదవులు నల్లబడుతున్నాయి. నాడి మాత్రం అంతకంతకూ జోరందుకుంది. "మొండిఘటానివిరా, నాకు తెలుసు," అని ఏడుపులోనే మురిసిపోయింది అక్క.

అంబులెన్సు దిగి నర్సు పరుగున వచ్చి, తమ్ముడి చేతిని విడిపించి, తన రెండు వేళ్లు ఆనించి చూసింది. మరుక్షణం ఛాతీ మీద నొక్కసాగింది.

"కొట్టుకుంటోందన్నానా! ఎందుకలా నొక్కుతారు?"

నర్సు తలెత్తలేదు. "బొటనవేలితో పట్టుకుంటే మనకు తెలిసేది మన నాడేనమ్మా."

అక్క తన వేలి వంక చూసుకుంది. అది ఇంకా దడదడా కొట్టుకుంటూనే ఉంది.